ముసలి గొడ్డుకు మూడు గంటలు: పల్నాటి పెద్దకూర లెక్కలు

కిలో పెద్దమాంసం, మూత ఉన్న మందపాటి గిన్నె, సన్న సెగ, 3 గంటలు. నరసరావుపేటలో వండినా, మాచర్లలో వండినా, గురజాలలో వండినా, ఎముకతో కొట్టించిన పెద్దకూర ముక్క వేలితో నొక్కితే విడిపోయేలా ఉడకడానికి పట్టే సమయం దాదాపు ఇదే. విదేశీ వంట వీడియోలు చూసి బీఫ్ స్టూ పొయ్యి మీద పెట్టే కుర్రకారు గంటన్నరకే గిన్నె దించేస్తున్నారు. ముక్క సాగుతుంది, పంటికి తెగదు. మంచి మాంసం ఇవ్వలేదని కొట్టువాడి మీద కోపం వస్తుంది. పాపం, అతని తప్పేమీ లేదు. ఆ వీడియోలో ఉన్నది ఒకటిన్నర, రెండేళ్ల లేత పశువు మాంసం. మన సంచిలోకి వచ్చింది పదేళ్లు పైబడిన బర్రెది. ఈ వంట లెక్కలన్నీ ఆ వయసు దగ్గరే మొదలవుతాయి.

మన కొట్టుకు ముసలి గొడ్డే రావడానికి ఒక కారణం చట్టం, ఇంకో కారణం పాడి. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం ఆవును, ఆవు దూడను, గేదె దూడను కోయడం నేరం. ఎద్దు, దున్నపోతు, గేదె విషయంలో మాత్రం అది పాడికి గానీ సేద్యానికి గానీ ఈతకు గానీ ఇక పనికిరాదని అధికారి ధ్రువపత్రం ఇస్తే కోయవచ్చు. చట్టం మీరితే 6 నెలల దాకా జైలు, 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే లేత పశువు మాంసం మన దగ్గర చట్టబద్ధంగా దొరికే వీలే లేదు. ఈ కథనంలో పెద్దమాంసం అన్నచోటల్లా గేదె, దున్న, ఎద్దు మాంసమనే అర్థం.

ఇక పాడి సంగతి. ముర్రా గేదె మొదటి ఈతకు వచ్చేసరికే మూడున్నర నుంచి నాలుగేళ్లు గడుస్తాయి. ఆ తరువాత ఐదారు ఈతలు, ఈతకూ ఈతకూ మధ్య 14, 15 నెలలు. పాలు తగ్గి, చూడి కట్టడం మానేశాకే రైతు దాన్ని సంతకు తోలతాడు. కలిపి చూస్తే 10 నుంచి 12 ఏళ్లు. దుక్కికి ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గిపోయాయి కాబట్టి కొట్టుకు వచ్చేది ఎక్కువగా గేదె జాతే. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో గేదెలు సుమారు 62 లక్షలు, ఆవులూ ఎడ్లూ కలిపి సుమారు 46 లక్షలు. దేశం మొత్తం మీద గేదెలు దాదాపు 11 కోట్లు.

వయసు పెరిగితే కండలో ఏం మారుతుంది? కండ పోగులను కట్టగా కట్టి ఉంచే తెల్లటి పొరలు, నరాలు కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో తయారవుతాయి. లేత పశువులో ఆ కొల్లాజెన్ తాళ్లు విడివిడిగా ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఒకదానికొకటి అడ్డంగా ముడిపడతాయి, ఆ ముడులు వేడికి ఓ పట్టాన వదలవు. పిక్క, మెడ, భుజం లాంటి నిత్యం కదిలే భాగాల్లో ఈ పొరలు ఎక్కువ, వెన్ను పక్కన తక్కువ. ముసలి గేదె పిక్క కండ అన్నిటికంటే మొండిది. ఓపిక పట్టి వండితే అన్నిటికంటే రుచైన పులుసు ఇచ్చేదీ అదే.

ఓపిక ఎందుకు కావాలో ఉష్ణోగ్రతలు చూస్తే తెలుస్తుంది. పచ్చి కండలో నూటికి 75 వంతుల దాకా నీరే. వేడి 50 డిగ్రీల సెల్సియస్ చేరేసరికి కండ పోగుల్లోని ఒక ప్రొటీన్ గడ్డకట్టడం మొదలవుతుంది. 60, 65 డిగ్రీల మధ్య కొల్లాజెన్ పొరలు ముడుచుకుని ముక్కను పిండుతాయి, లోపలి నీరు బయటికి వస్తుంది. 70 దాటేసరికి రెండో ప్రొటీన్ కూడా బిగుసుకుంటుంది. ఇదంతా మొదటి అరగంటలోనే జరిగిపోతుంది. అప్పటికి ముక్క పచ్చిగా ఉన్నప్పటికంటే గట్టిగా ఉంటుంది, బరువులో మూడో వంతు దాకా కోల్పోయి ఉంటుంది. గంట దాటాక రుచి చూసి, ఇది ఇక ఉడకదని పెదవి విరిచేవాళ్లు ఈ దశలోనే ఆగిపోయినవాళ్లు. అసలు మార్పు అప్పుడే మొదలైంది. 70, 80 డిగ్రీల పైన కొల్లాజెన్ ముడులు ఒక్కొక్కటిగా విడిపోయి జెలటిన్‌గా కరుగుతాయి. కరిగిన జెలటిన్ పోగుల మధ్య జారుడుగా నిలిచి, నీరు పోయిన ముక్కను కూడా మెత్తగా అనిపించేలా చేస్తుంది. పులుసుకు చిక్కదనం, పెదవులకు అంటుకునే జిగి దాని వల్లే. లేత మాంసంలో ఈ పని గంటన్నరలో ముగుస్తుంది, పదేళ్ల గేదె మాంసంలో రెండున్నర గంటలకు ముందు ముగియదు.

అందుకే కొట్టు దగ్గర మాంసం ఎంపికతోనే సగం వంట అయిపోయినట్టు. కిలో కూరకు 700 గ్రాముల కండ, 300 గ్రాముల ఎముక అడగండి. కండలో సగం పిక్కదీ మెడదీ ఉండాలి, మిగతాది తొడది. ఎముకల్లో ఒక మూలుగ ఎముకైనా పడాలి. ముక్క రెండు అంగుళాలకు తగ్గకుండా కొట్టమని చెప్పాలి. మన కొట్లలో అలవాటుగా అంగుళం ముక్కలు కొట్టేస్తారు. మూడు గంటల ఉడుకులో అవి పీచుపీచుగా విడిపోయి, చివరికి గరిటెకు పులుసే వస్తుంది. మాంసం రంగు చూసి భయపడకండి. గేదె మాంసం మేకమాంసం కంటే ముదురు ఎరుపు, గాలి తగిలితే ఇంకా నల్లబడుతుంది. కొవ్వు మాత్రం తెల్లగా ఉంటుంది. మేతలోని పసుపు రంగు కెరోటిన్‌ను గేదె విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది కాబట్టి దాని పాలు, నెయ్యి లాగే కొవ్వుకూ పసుపు రాదు. కొట్టులో గేదె మాంసాన్ని గుర్తుపట్టడానికి ఇంతకంటే సులువైన ఆనవాలు లేదు.

ఎముక గురించి ఇంకో మాట. భారత్ 2023-24లో సుమారు 13 లక్షల టన్నుల గేదె మాంసం ఎగుమతి చేసింది, విలువ సుమారు 31,000 కోట్ల రూపాయలు. వియత్నాం, మలేషియా, ఈజిప్టు పెద్ద కొనుగోలుదార్లు. ఎగుమతికి అనుమతి ఉన్నది ఎముక తీసిన మాంసానికే. కాబట్టి మూలుగలూ పక్కటెముకలూ ఇక్కడే ఉంటాయి. స్టూ రుచి ఎక్కువగా వాటిలోనే ఉంది గనుక నా లెక్కలో మంచి భాగం మనకే మిగిలింది. చాలా ఊళ్లలో కిలో వేటమాంసానికి పెట్టే డబ్బుకు పెద్దమాంసం రెండు కిలోలకు పైనే వస్తుంది. కూలి డబ్బుతో ఆదివారం కూర తినే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు.

ఇక పాళ్లు. కిలో మాంసానికి వేరుశనగ నూనె 60 మిల్లీలీటర్లు, ఉల్లిపాయలు 300 గ్రాములు, అల్లం వెల్లుల్లి ముద్ద 50 గ్రాములు, పసుపు ఒక చెంచా, కారం 20 గ్రాములు, ధనియాల పొడి 15 గ్రాములు, లవంగాలు ఐదు, రెండంగుళాల దాల్చినచెక్క. చిక్కదనానికి గసగసాలు 15 గ్రాములు, ఎండుకొబ్బరి 30 గ్రాములు నూరి పెట్టుకోవాలి. కారం 20 గ్రాములంటే పల్నాడులో నవ్వుతారని తెలుసు. 30 దాకా వేసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్ల కారం వాళ్లిష్టం. నూనె పాలు మాత్రం తగ్గించకండి. గేదె కండలో కొవ్వు 100 గ్రాములకు ఒకటిన్నర గ్రాములకు మించదు. మిరప ఘాటూ మసాలా వాసనా నూనెలోనే కరుగుతాయి కాబట్టి మాంసంలో లేని కొవ్వును మనమే సమకూర్చాలి. ఉప్పు మొదట 15 గ్రాములు, అంటే తలకొట్టిన మూడు చిన్న చెంచాలు, చాలు. ఆరుగురు తింటే మనిషికి రెండున్నర గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన 5 గ్రాముల హద్దులో అదే సగం.

మొదట నూనెలో లవంగాలు, చెక్క వేసి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించాలి. అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయాక మాంసం, పసుపు, ఉప్పు వేసి మంట పెంచాలి. ఇక్కడ తొందరపడితే కూర చప్పబడుతుంది. మాంసం వేయగానే నీరు ఊరుతుంది. నీరు ఉన్నంతసేపూ గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. వేపుడు రంగు, ఆ కమ్మని వాసన పుట్టాలంటే ముక్క పైభాగం 140 డిగ్రీల పైకి వెళ్లాలి. అంటే ఊరిన నీరంతా ఇగిరిపోయి, నూనె బయటికి తేలి, గిన్నె అడుగున చిటపట శబ్దం మారేదాకా కలుపుతూనే ఉండాలి. కిలోకు ఇది 15 నుంచి 20 నిమిషాల పని. మన అమ్మలు మాంసాన్ని దాని నీటిలోనే ఇగిరించాలని చెప్పేది దీన్ని గురించే. అడుగున గోధుమ రంగు పూత అంటుకున్నాక కారం, ధనియాల పొడి వేసి, అర నిమిషంలోనే లీటరున్నర వేడినీళ్లు పోసి, ఆ పూతనంతా గరిటెతో గీకి కలపాలి.

ఒక పొంగు వచ్చాక మంట అడుగుకు దించేయాలి. కుతకుత ఉడికించినా సన్నగా తుకతుకమన్నా నీటి వేడి 100 డిగ్రీల లోపే. మంట పెంచడం వల్ల ముక్క త్వరగా ఉడకదు, నీరు మాత్రం త్వరగా ఆవిరవుతుంది. గ్యాస్ లెక్క వేసుకుంటే ఇది కళ్లకు కడుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,257 కిలోజౌళ్ల వేడి కావాలి. మన దేశంలో ఇంటి గ్యాస్ పొయ్యికి కనీస సామర్థ్యం 68 శాతం, కిలో గ్యాస్‌లో ఉన్న శక్తి సుమారు 46,000 కిలోజౌళ్లు. భాగిస్తే లీటరు నీటిని ఆవిరి చేయడానికి 72 గ్రాముల గ్యాస్ ఖర్చు. మూత లేకుండా మూడు గంటలు ఉడికిస్తే లీటరు నీరు సునాయాసంగా పోతుంది. ఏడాదికి 52 ఆదివారాలు ఇలా వండితే 3.7 కిలోలు, అంటే 14.2 కిలోల సిలిండర్‌లో పావు వంతుకు పైనే. ఒక్క మూతతో మిగిలే గ్యాస్ ఇది. పల్లెల్లో ఇప్పటికీ పుల్లల పొయ్యి మీద వండేవాళ్లు పత్తికట్టె, మిరపకట్టె పొంగు రావడానికి వాడి, ఆ తరువాత తుమ్మ మొద్దు నిప్పుల మీద గిన్నెను వదిలేస్తారు. పత్తికట్టె భగ్గున మండి ఆరిపోతుంది, తుమ్మ నిప్పు గంటల తరబడి నిలుస్తుంది. ఈ వంటకు కావలసిన వేడి సరిగ్గా ఆ క్రమంలోనే ఉంటుంది.

మూడు గంటలు పొయ్యి దగ్గర ఉండలేమనేవాళ్లకు కుక్కర్ ఉంది, అందులో తక్కువతనమేమీ లేదు. కుక్కర్‌లో ఒత్తిడి పెరగడం వల్ల నీరు 118 నుంచి 121 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ప్రతి 10 డిగ్రీలకు ఉడికే వేగం సుమారు రెట్టింపవుతుందన్న మోటు సూత్రం ప్రకారం 20 డిగ్రీలకు నాలుగు రెట్లు. 180 నిమిషాల పని 45 నిమిషాల్లో అవుతుంది. నీళ్లు ముప్పావు లీటరు చాలు. అయితే పెద్దకూరకు ఎన్ని విజిళ్లు అని అడగడం మానేయాలని నా అభిప్రాయం. విజిల్ మంట మీద ఆధారపడుతుంది, సమయం మీద కాదు. పెద్ద మంట మీద 8 విజిళ్లు 15 నిమిషాల్లో వచ్చేస్తాయి, అప్పటికి ముసలి మాంసం సగం కూడా ఉడకదు. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి, అక్కడినుంచి గడియారం చూసి 40, 45 నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతట అదే తగ్గేదాకా మూత తీయకూడదు. తొందరపడి ఆవిరి వదిలేస్తే లోపలి నీరు ఒక్కసారిగా మరిగి ముక్కలు చెదురుతాయి.

పచ్చి బొప్పాయి వాడాలా? ఇగురుకో వేపుడుకో అయితే వాడండి. కిలోకు 30 గ్రాముల ముద్ద, గంటసేపు, అంతకు మించి వద్దు. మూడు గంటలు ఉడికే ఈ కూరకు దాని అవసరం లేదు, పైపొర పిండిపిండిగా అవుతుంది.

కూరగాయలు ఎప్పుడు పడాలన్నదే చాలామంది తడబడే చోటు. స్టూ అంటే మాంసం, దుంపలు, పులుసు ఒకే గిన్నెలో. మన వైపు ఆ పాత్ర దోసకాయది, మునక్కాయది, సొరకాయది. ముస్లింల ఇళ్లలో శనగపప్పు, సొరకాయ కలిపి వండే దాల్చాది కూడా. కిలో మాంసానికి 400 గ్రాముల కూరగాయలు సరిపోతాయి. బంగాళాదుంప, క్యారెట్ అయితే దించడానికి 25 నిమిషాల ముందు, గట్టి దోసకాయ, మునక్కాయ అయితే 15 నిమిషాల ముందు వేయాలి. పులుపు వాటి తరువాతే. గోంగూర, చింతపండు, చింతచిగురు ఏదైనా సరే, పులుపు ముందు పడితే కూరగాయల కణాల గోడలు మెత్తబడవు, దుంప గంటసేపైనా గట్టిగానే ఉంటుంది. ఎర్ర గోంగూర 150 గ్రాములు విడిగా మగ్గించి మెదిపి, నూరిన గసగసాల కొబ్బరి ముద్దతో కలిపి చివరి 10 నిమిషాల్లో వేస్తే చాలు. అల్యూమినియం గిన్నెలో పులుపు మాత్రం ఎక్కువసేపు ఉంచకండి. ఎండాకాలం మొదట్లో చింతచిగురు దొరికినన్ని రోజులు గోంగూర జోలికి పోకపోవడమే మంచిది. పెద్దకూరకు చింతచిగురును మించిన జోడీ నాకు తెలిసి లేదు.

పులుసు ఎంత చిక్కగా ఉండాలన్నది పక్కన ఏముందన్న దాన్ని బట్టి. శ్రీనాథుడి పేరు మీద చెలామణిలో ఉన్న చాటువులు పల్నాటిని జొన్నల సీమగా వెక్కిరిస్తాయి. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలాకే ఇక్కడ వరి అన్నం రోజువారీ తిండి అయింది. జొన్న సంగటికీ జొన్నరొట్టెకూ పులుసు దగ్గరగా, గరిటె జారుగా ఉండాలి. అన్నానికైతే ఒక గ్లాసు వేడినీళ్లు ఎక్కువ. నా ఓటు జొన్నరొట్టెకే.

తిన్నవాళ్లకు ఏం దక్కుతుందో కూడా లెక్క వేద్దాం. 100 గ్రాముల పచ్చి గేదె కండలో సుమారు 20 గ్రాముల ప్రొటీన్, 1.4 గ్రాముల కొవ్వు, 1.6 మిల్లీగ్రాముల ఇనుము, 1.7 మైక్రోగ్రాముల బి12 ఉంటాయి. 700 గ్రాముల కండను ఆరుగురు పంచుకుంటే మనిషికి 23 గ్రాముల ప్రొటీన్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం రోజుకు మహిళకు 46 గ్రాములు, పురుషుడికి 54 గ్రాములు కావాలి. ఒక పూట కూరతో మహిళ అవసరంలో సగం తీరుతుంది. బి12 మనిషికి దాదాపు 2 మైక్రోగ్రాములు. రోజు అవసరం 2.2, ఉడకడంలో కొంత పోయినా చాలావరకు పులుసులోనే ఉంటుంది, మొక్కల తిండిలో అది దొరకదు.

ఇనుము విషయంలో మాత్రం అతిగా చెప్పుకోకూడదు. మనిషికి వచ్చేది 2 మిల్లీగ్రాముల లోపు, మహిళకు రోజుకు కావలసింది 29. అయితే మాంసంలోని ఇనుము ఆకుకూరల ఇనుము కంటే ఒంటికి బాగా పడుతుంది, పక్కనున్న జొన్నలోని ఇనుమును కూడా ఒంటికి పట్టిస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ లాభం తగ్గిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇలాంటి రాష్ట్రంలో అందుబాటు ధరకు దొరికే ఒక మాంసాన్ని నామోషీగా చూడటం నాకు బాధ కలిగిస్తుంది. చాలా ఇళ్లలో ఈ కూర గిన్నె ఇప్పటికీ పక్కింటికి పంచకుండానే ఖాళీ అవుతుంది. బడికి క్యారేజీలో పెట్టడానికి తల్లులు వెనకాడతారు.

ఈ నేల మీదే ఇలా జరుగుతోందన్నది ఇంకా నొప్పి. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడని పల్నాటి వీరగాథ చెబుతుంది. దళితుడైన కన్నమదాసును సేనానిని చేసిందీ ఆయనే. కారంపూడి వీరుల ఉత్సవాల్లో చాపకూడును ఇప్పటికీ గర్వంగా జరుపుకుంటాం. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాల చేరాక చర్చి చుట్టూ పెరిగిన పేటల్లో పెద్దకూర ఆదివారం భోజనంగా, క్రిస్మస్ విందుగా స్థిరపడింది. ఆ పేటల వంటే ఈ మూడు గంటల లెక్కను కాపాడుకుంటూ వచ్చింది. కొలతలు రాసి పెట్టుకోకపోయినా ముక్కను వేళ్ల మధ్య నొక్కి చూసి, ఇంకో అరగంట అని చెప్పే పెద్దమ్మలు ఉన్నారు. ఈ వ్యాసంలోని డిగ్రీలన్నీ వాళ్ల వేళ్లకు ముందే తెలుసు.

మిగిలిన కూర సంగతి జాగ్రత్తగా చూడాలి, ముఖ్యంగా పల్నాటి ఎండలో. ఉడికిన మాంసపు పులుసులో క్లాస్ట్రిడియమ్ పర్ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి ప్రమాదకారి. దాని బీజాలు మూడు గంటల ఉడుకును కూడా తట్టుకుంటాయి. కూర గోరువెచ్చగా మారాక మళ్లీ మొలకెత్తుతాయి. అవి అన్నిటికంటే వేగంగా పెరిగేది 43 నుంచి 47 డిగ్రీల మధ్య. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడ్డ రెంటచింతలలో వేసవి మధ్యాహ్నం గాలి వేడి కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. అనువైన వేడిలో ఆ జీవి పది నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. మూడు గంటల్లో 18 రెట్టింపులు, అంటే ఒకటి 2.6 లక్షలు. పగలు వండిన కూరను పొయ్యి గట్టు మీద సాయంత్రం దాకా ఉంచితే జరిగేది ఇదే. 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా ఉంచాలి, రెండింటికీ మధ్య రెండు గంటలకు మించి వద్దు. బయట 32 డిగ్రీలు దాటితే ఆ గడువు గంటే. వెడల్పాటి పళ్లేల్లోకి తిరగేసి, నీళ్ల తొట్టిలో పెట్టి చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే త్వరగా గండం గడుస్తుంది. మర్నాడు ఫ్రిజ్ తెరిచినప్పుడు పులుసు జున్నులా గడ్డకట్టి ఉంటే కొల్లాజెన్ పూర్తిగా కరిగిందని గుర్తు. నీళ్లగా ఉంటే ముందురోజు ఇంకో అరగంట ఉడకాల్సింది. తిరిగి వేడి చేసేటప్పుడు మధ్యలోనూ పొంగు రావాలి, గోరువెచ్చన చాలదు. ఒకసారి వేడి చేసింది మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లకూడదు.

ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఇదే ఎండను జనం తమవైపు తిప్పుకున్నారు. 400 కిలోల గేదెను కోస్తే ఎముక పోను 120, 130 కిలోల కండ ఒకేసారి చేతికొస్తుంది. పోగులు వేసి 50, 60 ఇళ్లకు పంచినా ఇంటికి రెండు కిలోల పైనే. చచ్చిన గొడ్డును మోసే చాకిరీ ఊరి వెలుపలి వాడల మీద పడ్డ కాలంలో ఆ మాంసం కూడా ఒక్కరోజే వచ్చేది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. కండను వేలి మందాన పొడవుగా చీల్చి, ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఆరేసి మూడు నాలుగు రోజులు ఎండబెడితే తునకలవుతాయి. కండలో 75 శాతం నీరే కాబట్టి కిలో మాంసం 300 గ్రాముల దగ్గరికి వస్తుంది. తేమ లేకపోతే సూక్ష్మజీవి పెరగదు, తునకలు నెలల తరబడి నిలుస్తాయి. పావుకిలో తునకలంటే ముప్పావు కిలోకు పైనే పచ్చిమాంసం కింద లెక్క. గంటసేపు వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, రోకలితో ఒక దెబ్బ వేసి, కుక్కర్‌లో 45 నిమిషాలు ఉడికించి, గోంగూరతో గానీ చిక్కుడు గింజలతో గానీ దగ్గరకు వండుకోవాలి. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి, తునకల్లో అది ముందే ఉంది.